ఉపాధ్యాయుల పట్టా

భూమి విషయమున మన రైతులకు చిరకాలముగ తెలిసిన సంగతి యొకటి కలదు. పట్టా యొకనిది, సాగు వేరొకనిది యైనచో పొలము బాగుపడదు. పట్టాదారు పొలము మొగము చూడడు. సాగు చేయువానికి రాబోవు ఏటి మాట తెలియదు. గట్టు సరిచేయువాడుండడు, చెరువుమట్టి తోలించువాడుండడు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలోను, 4-4-2022న వానినుండి వేరుపడిన పార్వతీపురము మన్యము జిల్లాలోను బడిపంతుళ్ల యర్హత విషయము నేడు కొంతవరకీ తీరుననే యున్నది. శిక్షణ పట్టా చేతబట్టియు తరగతిలో నొక్కనాడైనను సరిగా నిలువనివారొక వంకను, ఏండ్ల తరబడి తరగతిలో నిలిచియు పట్టాకు నోచుకొననివారొక వంకను కనబడుచున్నారు. ఈ రెంటిని నొకచోట చేర్చు దారి యేది యన్నదే నేటి ప్రశ్న.

ముందుగా నియమములెట్లున్నవో చూతము. ఉన్నతపాఠశాలలో స్కూలు అసిస్టెంటు కాదలచినవాడు డిగ్రీ చదివి, బి.ఎడ్. శిక్షణ పొంది, ఉపాధ్యాయార్హత పరీక్షయగు టెట్ నెగ్గి, ఆపై నియామక పరీక్షయగు డి.ఎస్.సి.లో పోటీపడి గెలువవలెను. బి.ఎడ్. మునుపొక సంవత్సరపు చదువు. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి వారి 2014 నిబంధనలవలన నది 2015 నుండి రెండు సంవత్సరములైనది. టెట్‌కు మూలము 2009 నాటి విద్యాహక్కు చట్టము. ఆ చట్టము ననుసరించి 23-8-2010న మండలి చేసిన ప్రకటనచే నెనిమిదవ తరగతి వరకు బోధించువారికెల్ల నా పరీక్ష నిర్బంధమైనది. ఇప్పటికే యుద్యోగమున నున్నవారును, ఐదేండ్లకు మించి సర్వీసు మిగిలియున్నచో, రెండేండ్లలో దానిని నెగ్గవలెనని 1-9-2025న సుప్రీంకోర్టువారు తీర్పు చెప్పియున్నారు.

నియమము కఠినమైనదని మేము వగచుట లేదు. బిడ్డల చదువునకు కావలి కాయువాడు పరీక్షకు నిలువవలసినదే. అయినను నీ దారి పొడవెంతయో లెక్కించి చూడుడు. డిగ్రీకి మూడేండ్లు, బి.ఎడ్.కు రెండేండ్లు; ఆపై నియామకమునకై కాచుకొని యుండు కాలమునకు లెక్కయే లేదు. 2018 ప్రకటన తరువాత మన రాష్ట్రమున పూర్తిగా సాగిన పెద్ద నియామక పరీక్ష 2025 లోనిదే. నాడు ప్రకటింపబడిన పదవులు 16,347. నడుమ నేడేండ్లు గడచినవి. పల్లెలో పదియెకరముల మాగాణి గల గృహస్థు తన కుమారుని విశాఖపట్టణమున గది యద్దెకు తీసి, శిక్షణ కేంద్రమునకు రుసుము కట్టి, ఆ యేడేండ్లును నిలుపగలడు. సీతంపేట కొండలమీది సవర బాలిక నెవరు నిలుపగలరు? గుమ్మలక్ష్మీపురపు జాతాపు యువకుని, పలాస జీడిపప్పు కార్ఖానాలో పనిచేయు తల్లి బిడ్డను నెవరు నిలుపగలరు? దారి చట్టమునందందరికి నొక్కటియే. దారిబత్తెము మాత్రము కొందరికే కలదు.

ఈ ప్రాంతమున నిట్టి బిడ్డలకు వేరు దారి యెన్నడును లేకుండెనా? ఉండెను. దానికి సాక్షి మన గిడుగు రామమూర్తి పంతులుగారే. ఆయన 29-8-1863న శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించి, చిన్ననాటనే తండ్రిని గోల్పోయి, విజయనగరమున మహారాజావారి పాఠశాలలో చదివి, 1879లో మెట్రిక్యులేషన్ నెగ్గి, మరునాడే యన్నట్లు 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నుపాధ్యాయుడాయెను. నాటికాయనకు మెట్రిక్యులేషన్ తప్ప వేరు పరీక్ష లేదు. పగలు పాఠములు చెప్పుచు, రాత్రులు తానే చదువుకొని, కళాశాల గడప త్రొక్కకయే పై పరీక్షలకు ప్రైవేటుగ గూర్చుండి నెగ్గి, క్రమముగ నదే విద్యాలయమున పై తరగతులకు చరిత్ర బోధించెను. బడి యాయనకు జీవనమును, శిక్షణాలయమును నాయెను. అట్టి దారి మూసియుండినచో పర్లాకిమిడి బడికొక పంతులు మాత్రమే గాదు, తెలుగు భాషకొక మహోపకారియు దక్కకపోయెడివాడు.

గిడుగువారి కాలము వేరు, మన కాలము వేరు అని యందురేమో. నిజమే. మెట్రిక్యులేషన్ నెగ్గిన పదునారేండ్ల బాలుని నేడు తరగతి ముందు నిలుపుమని యెవరును కోరుట లేదు. నాటి మద్రాసు రాజధానిలో సైతము ఉన్నతపాఠశాలల యుపాధ్యాయులకు ఎల్.టి. యను పరీక్ష యేర్పడినది. ఆ పేరునకర్థమే బోధనకు లైసెన్సు పొందినవాడని. లైసెన్సు వలదనుట మా వాదము కాదు. పని చేయుచు లైసెన్సు నార్జించుట సాధ్యమనియు, ఆర్జించినవాడు పుస్తకమున మాత్రము నేర్చినవానికి తీసిపోడనియు గిడుగువారి జీవితము చూపుచున్నది. మేము గ్రహింపదలచినది యదియే.

ఐనను పక్కదారులన్నియు మంచివి కావు. మన రాష్ట్రమున నిదివరకే మూడు చెడుదారులను చూచియున్నాము. వానిని మరచి క్రొత్తదానిని వేయుట వివేకము కాదు.

మొదటిది చౌకదారి. 1980ల దశకమున స్పెషల్ టీచర్లను పేర నెలకు 398 రూపాయల వేతనముతో నుపాధ్యాయులను నియమించిరి. పని పూర్తి పని, వేతనము మాత్రము కూలికి తక్కువ. ఆనాటి సర్వీసును లెక్కలోనికి తెచ్చుకొనుటకై వారు దశాబ్దముల తరబడి పోరాడవలసివచ్చెను. "398 టీచర్లు" అను పేరే వారికి స్థిరపడినది. తరువాత విద్యా వాలంటీరులనియు, కాంట్రాక్టువారనియు పేర్లు మారినవి; పద్ధతి మారలేదు. ఖజానాకు మిగులుబాటు చేయుటకు వేసిన దారి యుపాధ్యాయుని తయారుచేయు దారి కానేరదు.

రెండవది తొందరదారి. శిక్షణ లేక పనిచేయుచున్న ప్రాథమికోపాధ్యాయులందరును 31-3-2019 లోపల నర్హత పొందవలెనని 2017లో చట్టమును సవరించి, సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా 18 మాసముల డిప్లొమా నేర్పరచిరి. దేశమున లక్షలాది జనులు ప్రభుత్వమువారి మాట నమ్మి చేరిరి. తీరా చూడగా, ఆ డిప్లొమా రెండేండ్ల డిప్లొమాకు సమానము కాదని 2023లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినది. సవరణనాటికే యుద్యోగమున నుండి గడువులోపల ముగించినవారికి 2024లో నదే న్యాయస్థానము నూరట నొసగినను, నడుమ వారనుభవించిన యాందోళన యింతంత కాదు. దారి వేసినవారే గమ్యము చెప్పకపోయినచో బాటసారి గతి యిట్లే యగును.

మూడవది యంగడిదారి. ఇది పక్కదారి కూడ కాదు, రాజమార్గమునందే యున్నది. సుప్రీంకోర్టువారు నియమించిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషను 2012లో నుపాధ్యాయ శిక్షణాలయముల స్థితిని విచారించెను. విడిగా నడచు శిక్షణ సంస్థలు పదివేలకు పైబడి యుండగా, వానిలో నధికభాగము శ్రద్ధగా శిక్షణ యిచ్చు యత్నమైనను చేయక వెలకు పట్టములమ్ముచున్నవని, ఆ కమిషను మాటగా, 2020 నాటి జాతీయ విద్యావిధానమే వ్రాసికొన్నది. మన జిల్లాలలో మాత్రము దీనిని విననివారెవరు? హాజరుకొక రుసుము, రికార్డులకొక రుసుము, బోధనాభ్యాసము జరిగినట్లు సంతకమునకొక రుసుము అను మాట జనుల నోట నానుచునే యున్నది. కావున పక్కదారులవలన ప్రమాణము దిగజారునని భయపడు పెద్దలు ముందుగా పెద్దదారి వంక చూతురుగాక. అక్కడ దిగజారుటకింక మిగిలినదేమి?

అట్లైన మంచిదారి యెట్లుండవలెను? ఇతర దేశముల యనుభవము కొంత వెలుగు నిచ్చును. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమువారు 1980ల నడుమ నొక పద్ధతి ప్రారంభించిరి. విషయజ్ఞానముగల పట్టభద్రునికి తాత్కాలిక లైసెన్సు నిచ్చి, బడిలో జీతముతో పనిచేయించుచు, అనుభవజ్ఞుడగు నుపాధ్యాయుని చేతిక్రింద నుంచి, పనితోబాటే బోధనాశాస్త్రము చెప్పించి, పనిని పరిశీలించిన పిదప స్థిరమైన లైసెన్సు నిచ్చుట యా పద్ధతి. ఇంగ్లాండులోను బడియందే జీతము తీసికొనుచు నర్హత పొందు మార్గములు కలవు. ఈ యేర్పాటులన్నిటికి నొక షరతు ప్రాణము: నేర్చువానిప్రక్క నేర్పువాడుండవలెను. ఆ షరతు తీసివేసినచో మిగులునది మన 398 రూపాయల కథయే. తాతతండ్రులనాడు మన పల్లెలలో వడ్రంగి కొడుకు వడ్రంగమును, నేతగాని కొడుకు మగ్గమును నేర్చినదీ రీతినే కదా. గురువు ప్రక్కనుండి చేయి సరిదిద్దని పనితనము పనితనము కాదని మనవారెరుగని సంగతియా!

మన దేశమునను పునాది లేకపోలేదు. డి.ఎల్.ఎడ్. చదివి ప్రాథమికోపాధ్యాయుడైనవాడు, డిగ్రీ యుండినచో, దూరవిద్య ద్వారా బి.ఎడ్. చేసి స్కూలు అసిస్టెంటుగ పైకి రావచ్చును. ఇంటర్మీడియట్ పిదప నాలుగేండ్లలో డిగ్రీని బి.ఎడ్.ను కలిపి యిచ్చు సమీకృత విద్యను 2020 జాతీయ విద్యావిధానము ప్రతిపాదించినది. 2030 నాటికి నుపాధ్యాయ వృత్తికదియే కనీసార్హత కావలెనని దాని సంకల్పము. మూడేండ్లును రెండేండ్లును కలిపిన యైదు నాలుగైనచో పేదవానికొక సంవత్సరపు తిండిఖర్చు మిగులును. ఇవి మేలైన మార్గములే. కాని దూరవిద్య తలుపు శిక్షణ పొందినవారికే తెరచుచున్నది. శిక్షణ లేకయే మన పట్టణముల ప్రైవేటు పాఠశాలలలో గణితమును, భౌతికశాస్త్రమును చిరకాలముగ చెప్పుచున్న పట్టభద్రునకుగాని, కొండబడిలో వాలంటీరుగ నిలిచిన యువకునకుగాని యింకను తలుపు లేదు. వాడు పని మాని రెండేండ్లు కళాశాలలో గూర్చుండవలెను. లేదా యంగడికి పోవలెను. బీదవానిని మన నియమమే యంగడికి త్రోలుచున్నదని మేము నిష్కర్షగా చెప్పవలసియున్నది.

మన్యము విషయమున నింకొక చిక్కు కలదు. షెడ్యూలు ప్రాంతములలోని యుపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే యని 10-1-2000న 3వ నంబరు జి.ఓ. వెలువడినది. నూటికి నూరు పాళ్లు కేటాయించుట రాజ్యాంగ విరుద్ధమని 22-4-2020న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము దానిని కొట్టివేసెను. తీర్పునకు మేము బద్ధులము. కాని యా జి.ఓ. తీర్పదలచిన యక్కర కొట్టివేతతో తీరిపోలేదు. ఇంట సవరయో కువియో మాటాడు బిడ్డ ఉన్నతపాఠశాలకు వచ్చి, తెలుగునందు బీజగణితమును, ఆంగ్లమునందు విజ్ఞానశాస్త్రమును వినవలసి వచ్చినప్పుడు, తన నుడి యెరిగిన పంతులొక్కడైనను లేకున్న నేమగునో చెప్పనక్కరలేదు. వర్షాకాలపు సెలవుకింటికి పోయిన పిల్లవాడు మరి తిరిగి రాడు.

ఇక్కడను గిడుగువారే దారి చూపిరి. ఆయన జన్మతః సవర కాదు. సవరల నింటనుంచుకొని వారి భాష నేర్చి, వారికి వాచకములు వ్రాసి, బడులు పెట్టించి, 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించెను. పుట్టుకనుబట్టి పదవుల నన్నిటిని కేటాయింపరాదని న్యాయస్థానము చెప్పినది. నేర్చిన భాషను యోగ్యతగ నెంచరాదని చెప్పలేదు. సవర, కువి భాషలలో పాఠము వివరింపగల సామర్థ్యమునకు పరీక్ష పెట్టి, కొండప్రాంతపు బడులలోని పదవులకు దానిని యోగ్యతగ నేర్పరచినచో, ఆ భాష తల్లియొడిలో నేర్చినవారికి సహజముగనే యగ్రస్థానము దక్కును. మైదానపు యువకుడు కష్టపడి నేర్చినచో వానికిని చోటుండును. మన రాష్ట్రమున సవర మొదలగు గిరిజన భాషలలో వాచకములు తయారుచేసి ప్రాథమిక తరగతులలో బోధించిన యనుభవము 2004 ప్రాంతమునుండియు కలదు. పునాదిపై గోడ లేపుటయే కొరత.

కావున మేము ప్రభుత్వమువారిని, ఉపాధ్యాయ విద్యామండలివారిని కోరున దేమనగా: డిగ్రీ యుండి, బడిలో కొన్నియేండ్లు నిరాటంకముగ బోధించినవారికి తాత్కాలికమైన పట్టా నొసగుడు. ఒక యనుభవజ్ఞుడగు ప్రధానోపాధ్యాయుని చేతిక్రింద నిద్దరికో ముగ్గురికో మించకుండ నుంచుడు. ఆ పెద్దకు తక్కిన పని కొంత తగ్గించి, దీనికి ప్రత్యేకముగ ప్రతిఫల మిండు. విజయనగరము, వమరవల్లి శిక్షణ సంస్థలలోను, ఎచ్చెర్లలోని అంబేద్కరు విశ్వవిద్యాలయమునను వేసవి సెలవులలో వారికి తరగతులు నడుపుడు. తుదకు బి.ఎడ్. వారికి పెట్టు పరీక్షయే వారికిని పెట్టి, తరగతిలో వారి పాఠమును బయటి పరీక్షకులచే చూపించి, నెగ్గినవారికి తక్కినవారితో సమానమైన పట్టా నిండు. ఆ పట్టా ఎక్కడెక్కడ చెల్లునో చేరిననాడే కాగితముపై వ్రాసి యిండు. 2017లో జరిగిన పొరపాటు మరల జరుగనీయకుడు. నేర్చుకాలమునందు నియమితమైన వేతన మిండు. సమీకృత విద్యలో మన్యపు బాలబాలికలకు వసతితోను, భోజనముతోను సీట్లు కల్పింపుడు. వీనితోబాటు, హాజరు నమ్ముకొను కళాశాలల గుర్తింపును దాక్షిణ్యము లేక రద్దు చేయుడు. మంచిదారి తెరచి చెడుదారి మూయకున్నచో జనులు చెడుదారినే పోవుదురు. అది సులభము గనుక.

దీనికొక యాక్షేపణ వచ్చునని యెరుగుదుము. నేర్చుకొనుచున్నవాని చేతికి బిడ్డల నప్పగింతురా యని యడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కాని నేడా బిడ్డలెవరి చేతిలో నున్నారు? కొన్నిచోట్ల నేర్వనివాని చేతిలో, కొన్నిచోట్ల రానివాని చేతిలో, కొన్నిచోట్ల నెవరును లేని తరగతిలో. పెద్ద పర్యవేక్షణలో నేర్చువాడు వీరందరికంటె మేలు. అయినను నొక కట్టుబాటు తప్పక యుండవలెను: ఈ పద్ధతిని కొండబడులలో మాత్రమే ప్రవేశపెట్టి పట్టణపు బడులను విడిచిపెట్టరాదు. మన బిడ్డ చదువు బడిలో మనమొప్పని పంతులును సవర బిడ్డ బడికి పంపుట ధర్మము కాదు. ఈ దారి మంచిదో చెడ్డదో తూచుటకింతకంటె నిక్కమైన త్రాసు లేదు.

తుదకు మా పాఠకులతో నొకమాట. లోపమంతయు ప్రభుత్వముమీద నెట్టివేయుట సులభము. కాని యంగడిలో పట్టములు కొనువారు లేనిదే యమ్మువారుండరు. కొనువారెవరు? కొండమీది సవర గాడు. వానికా సొమ్ము లేదు. పొలముపై నప్పుతెచ్చియైనను కుమారునికొక పట్టము సంపాదింపవలెనని, వాడు కళాశాలకు పోవుచున్నాడో లేదో యడుగని గృహస్థులు మనలోనివారే. ఆ పట్టముతో రేపు వాడొక బడిలో నిలిచినప్పుడు, ముప్పదియేండ్లపాటు వాని యెదుట గూర్చుండు బిడ్డలు కూడ మన యూరివారే. కనుక ప్రతి గృహస్థును తన కుమారుడు, కుమార్తె శిక్షణకు నిజముగ హాజరగుచున్నారా యని విచారించుగాక. పాఠశాల కమిటీలలో నున్నవారు క్రొత్తపంతులు పాఠము చెప్పుచుండగా నొక పూట వెనుకబల్లపై గూర్చుండి విందురుగాక. దూరపు బడికి వచ్చిన యుపాధ్యాయురాలికి నూరిలో నొక యిల్లు చూపుదురుగాక. విజయనగరమున 1857లో మహారాజావారు బడి పెట్టుటచేతనే గిడుగువంటివారు దానిలో చదువుకొనిరి. నేటి ధనవంతులు మహారాజులు కానక్కరలేదు; ఇద్దరు పేద పట్టభద్రుల శిక్షణాకాలపు భోజనము భరించినను చాలును.

దున్నువానికి పట్టా యిచ్చుట భూమికి మేలని మన తరములు వాదించి యొప్పుకొన్నవి. చదువు చెప్పువానికి, వాడు నిజముగ చెప్పగలడని తేల్చుకొని, పట్టా యిచ్చుట బిడ్డలకు మేలని యొప్పుకొనుటకింకెన్ని తరములు కావలెను? దారులు పలువిధములు కావచ్చును; గడప మాత్ర మొక్కటియే కావలెను. ఆ గడపయొద్ద సొమ్మును, పలుకుబడిని గాక, పాఠము చెప్పు నేర్పును మాత్రమే యడుగవలెను.